రావులపాలెం అరటిపండ్లతో కార్బన్ డాట్స్: వెలుగు ఎక్కడిదో తేల్చిన ఒక కేస్ స్టడీ

కోనసీమలోని ఒక కళాశాల కెమిస్ట్రీ ల్యాబ్‌లో ఎమ్మెస్సీ విద్యార్థులు తీసుకున్న ప్రాజెక్టు ఇది. అరటిపండు గుజ్జు నుంచి కార్బన్ డాట్స్, అంటే యూవీ కింద వెలిగే అతిచిన్న కార్బన్ కణాలు, తయారు చేయాలి, వాటితో ఊళ్లో బోరు నీళ్లలో ఇనుము ఎంతుందో కొలవాలి. ముడిసరుకుకు కొదవ లేదు. రావులపాలెం అరటి మార్కెట్‌లో మరీ మగ్గిపోయి ఎవరూ కొనని కర్పూర చక్కెరకేళి రోజూ మిగులుతుంది. ఆటోక్లేవ్ (బిగించి వేడి చేసే స్టీలు పాత్ర) నుంచి తీసిన గోధుమరంగు ద్రావణాన్ని నీళ్లతో పల్చగా చేసి 365 నానోమీటర్ల యూవీ దీపం కింద పెడితే చక్కటి నీలం వెలుగు వచ్చింది. డయాలిసిస్ చేశాక, అంటే సన్నటి రంధ్రాల పొర సంచిలో పోసి నీళ్లలో ఉంచి చిన్న అణువులను బయటికి పోనిచ్చాక, చూస్తే ఆ వెలుగులో ఎక్కువ భాగం సంచి లోపల లేదు, బయటి బీకరు నీళ్లలో ఉంది.

ఇలాంటి ప్రాజెక్టులు చాలావరకు ఆ మొదటి నీలం వెలుగు దగ్గరే ఆగిపోతాయి. ఫోటో తీసి, స్పెక్ట్రమ్ గీసి, రిపోర్టు రాసేస్తారు. వెలుగు వచ్చినంత మాత్రాన కార్బన్ డాట్స్ వచ్చినట్టు కాదు. తయారీ ఒక పూట పని. శుద్ధి, పోలిక ప్రయోగాలే అసలు పని. అందుకే ఇక్కడ వాటి గురించే ఎక్కువగా ఉంటుంది.

అసలు ఈ కణాలు కంటపడింది కూడా శుద్ధి చేస్తున్నప్పుడే. 2004లో అమెరికాలోని సౌత్ కరోలినాలో, ఆర్క్ డిశ్చార్జ్ మసి నుంచి కార్బన్ నానోట్యూబులను ఎలక్ట్రోఫోరెసిస్‌తో వేరు చేస్తుంటే, వాటితో పాటు వెలిగే పట్టీలు కొన్ని విడిపోయాయి. 2006లో క్లెమ్సన్ విశ్వవిద్యాలయంలో యా-పింగ్ సన్ బృందం ఆ తరహా కణాలను కార్బన్ డాట్స్ అని పిలిచింది. సాధారణంగా 10 నానోమీటర్ల లోపు ఉంటాయి. పైన కార్బాక్సిల్, హైడ్రాక్సిల్, నైట్రోజన్ ఉంటే అమైన్ గుంపులు ఉంటాయి కాబట్టి నీళ్లలో బాగా కలుస్తాయి.

రసం, యూరియా, పీడనం

పండును తూకం వేసి తీసుకుంటే చాలదు. పచ్చి అరటిలో పిండిపదార్థం ఎక్కువ, మగ్గేకొద్దీ అది చక్కెరగా మారుతుంది. ఒకే గెలలో పై హస్తం పండుకూ కింది హస్తం పండుకూ తేడా ఉంటుంది. అందుకని గుజ్జును డీఅయొనైజ్డ్ నీళ్లతో మిక్సీలో తిప్పి, పల్చటి నూలు గుడ్డలో వడకట్టి, చేతి రిఫ్రాక్టోమీటర్‌తో బ్రిక్స్ (రసంలో చక్కెర శాతం) చూసి, ప్రతి బ్యాచ్‌ను 6 బ్రిక్స్‌కు సరిచేయాలి. సుమారుగా 20 గ్రాముల గుజ్జుకు 40 మి.లీ. నీళ్లు పడతాయి. మిగతా సర్దుబాటు మీటరు చెబుతుంది. తొక్క కలపకండి. తొక్కలో పీచు, బూడిద పదార్థం ఎక్కువ. అడుగున నల్లటి చార్ (మాడిన బొగ్గు) పెరుగుతుంది తప్ప కరిగే కణాలు పెరగవు.

ఆటోక్లేవ్ లోపల ఉండే 100 మి.లీ. టెఫ్లాన్ గిన్నెలో, అంటే లైనర్‌లో, 60 మి.లీ. రసం పోసి, నైట్రోజన్ కోసం అర గ్రాము యూరియా కలిపారు. యూరియా ఎరువుల కొట్లో బస్తాది వాడకూడదు. మన దేశంలో అమ్మే వ్యవసాయ యూరియాకు వేపనూనె పూత ఉంటుంది. ఆ నూనె ద్రావణంలో తేలి ఫిల్టర్‌ను మూసేస్తుంది, స్పెక్ట్రమ్‌లోనూ తన వంతు కలుపుతుంది. ల్యాబ్ గ్రేడ్ యూరియా ఖరీదైనదేమీ కాదు.

అర గ్రాము అని కచ్చితంగా చెప్పడానికి కారణం ఉంది. 180 డిగ్రీల దగ్గర నీటి ఆవిరి పీడనం దాదాపు 10 బార్. 60 మి.లీ. నీళ్లు ఆ వేడికి వ్యాకోచించి 67 మి.లీ. దాటుతాయి. అంటే పైన మిగిలే ఖాళీ 33 మి.లీ. లోపే. ఒక గ్రాము యూరియా పూర్తిగా విడిపోతే వచ్చే కార్బన్ డయాక్సైడ్ అంతా వాయువుగా ఉందనుకుంటే, ఆ ఖాళీలో అదొక్కటే సుమారు 19 బార్ ఇస్తుంది. మామూలు ల్యాబ్ ఆటోక్లేవ్‌ల మీద రాసి ఉండే గరిష్ఠ పీడనం 30 బార్. నీటి ఆవిరి 10, వాయువు 19 కలిపితే గీత దగ్గరికి వచ్చేశాం. అదే లైనర్‌ను 80 మి.లీ. దాకా నింపి ఒక గ్రాము వేస్తే లెక్కలో 70 బార్ దాటుతుంది. నిజానికి అమ్మోనియా కొంత వాయువును కార్బొనేట్‌గా పట్టి ఉంచుతుంది, కానీ భద్రత లెక్క వేసేటప్పుడు ఆ వెసులుబాటు తీసుకోకూడదు. అర గ్రాముతో, 60 మి.లీ. దగ్గర, మొత్తం 20 బార్ చుట్టూ ఉంటుంది. యూరియా పెంచాలనిపిస్తే ముందు ఈ లెక్క వేయండి.

180 డిగ్రీల దగ్గర 6 గంటలు. ఓవెన్ డిస్‌ప్లే 180 చూపించిన నిమిషం నుంచి కాదు. మందపాటి స్టీలు కవచం, దాని లోపల టెఫ్లాన్, దాని లోపల నీళ్లు: లోపలి ద్రావణానికి వేడి అందడానికి గంట, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. అందరూ ఒకే పద్ధతి పాటించడం ముఖ్యం. చల్లటి ఓవెన్‌లో పెట్టి వేడి చేస్తారా, ముందే వేడెక్కిన ఓవెన్‌లో పెడతారా, నోటుబుక్కులో రాసి ఉండాలి. కరెంటు పోతే ఎంతసేపు పోయిందో, ఓవెన్ ఎంతకు పడిందో కూడా రాయాలి. మధ్యలో చల్లారి మళ్లీ వేడెక్కిన బ్యాచ్‌ను మిగతావాటితో కలపకూడదు. దాని రంగు, చార్ రెండూ తేడాగా వస్తాయి.

బిగించే ముందు, చల్లారిన తర్వాత ఆటోక్లేవ్ మొత్తాన్ని తూచండి. ఒక గ్రాము కంటే ఎక్కువ తగ్గితే లైనర్ మూత దగ్గర కారినట్టే. ఆ బ్యాచ్ గాఢత నమ్మదగినది కాదు. చల్లార్చడానికి నీళ్ల కింద పెట్టడం ప్రమాదం, రాత్రంతా ఓవెన్‌లోనే వదిలేయాలి. 40 డిగ్రీల లోపుకు వచ్చాక, ఫ్యూమ్ హుడ్‌లోనే, మరను కొద్దికొద్దిగా వదులు చేయాలి. మిగిలిన వాయువు ఉస్సుమని బయటికొస్తుంది, అమ్మోనియా ఘాటు ఉంటుంది. పీహెచ్ చూడండి. యూరియా లేకుండా వండిన చక్కెర రసం ఫార్మిక్, లెవ్యులినిక్ ఆమ్లాలతో బాగా పుల్లగా మారుతుంది. యూరియా ఉంటే అమ్మోనియా దాన్ని పైకి లాగుతుంది. రెండు బ్యాచ్‌లకు పీహెచ్ బాగా తేడా వస్తే యూరియా తూకంలోనో వేడిలోనో తేడా జరిగింది.

ఇంకో పని చాలామంది చేయరు. ఖాళీ లైనర్‌లో ఉత్త డీఅయొనైజ్డ్ నీళ్లు పోసి, అదే వేడికి అంతే సేపు ఉంచి, ఆ నీటి స్పెక్ట్రమ్ తీయాలి. టెఫ్లాన్ పాత బ్యాచ్‌ల మరకను పట్టి ఉంచుతుంది. అంతకుముందు ఎవరో ఇథిలిన్ డైఅమైన్, సిట్రిక్ ఆమ్లంతో చేసిన లైనర్ అయితే ఆ మరక ఒక్కటే మీ అరటిపండు కంటే ఎక్కువ వెలగవచ్చు. ఈ కేసులో లైనర్‌ను పలుచని నైట్రిక్ ఆమ్లంలో రాత్రంతా నానబెట్టి, ఉత్త నీళ్లు వెలగకుండా వచ్చేదాకా కడిగించాం.

సంచి లోపల, సంచి బయట

ఆటోక్లేవ్‌లో పైన గోధుమరంగు ద్రావణం, అడుగున నల్లటి చార్ ఉంటాయి. ముందు మామూలు ఫిల్టర్ పేపరు, తర్వాత సెంట్రిఫ్యూజ్, చివర 0.22 మైక్రాన్ సిరంజి ఫిల్టర్. 8 సెం.మీ. వ్యాసార్ధం రోటర్ 10,000 ఆర్‌పీఎమ్ దగ్గర దాదాపు 9,000 జీ (గురుత్వాకర్షణకు 9,000 రెట్లు) ఇస్తుంది. అది చాలు, 20 నిమిషాలు తిప్పండి. చాలా కాలేజీ సెంట్రిఫ్యూజ్‌లు 4,000 దాటవు. 10 సెం.మీ. రోటర్‌తో అది 1,800 జీ కూడా కాదు. అలాంటప్పుడు సన్నటి చార్ మిగిలి 0.22 ఫిల్టర్ రెండు మి.లీ.కే మూసుకుపోతుంది. బలవంతంగా నొక్కితే పొర చిరిగి అంతా కిందికి దిగుతుంది. మధ్యలో 0.45 ఫిల్టర్ వేస్తే ఆ బాధ తప్పుతుంది.

ఇప్పుడు డయాలిసిస్. ల్యాబ్ అలమరలో దొరికింది ప్రోటీన్ల కోసం కొన్న 12,000–14,000 డాల్టన్ గొట్టం. డాల్టన్ అంటే అణువుల బరువు కొలిచే ప్రమాణం, ఆ అంకె కంటే తేలికైనవి పొర దాటిపోతాయి. ఇది పనికిరాదు, ఎందుకో చిన్న లెక్క చెబుతుంది. సాంద్రత 1.5 అనుకుంటే 3 నానోమీటర్ల గుండ్రటి కార్బన్ కణం బరువు 13,000 డాల్టన్లకు కాస్త తక్కువ. 2 నానోమీటర్లదైతే 4,000 లోపే. అంటే ఆ గొట్టంలో మీరు దాచుకోవాలనుకున్న కణాలే బయటికి పోతాయి. 1,000 డాల్టన్ పొర తీసుకోవాలి. ధర ఎక్కువే, అయినా ఇక్కడ పొదుపు చేస్తే ప్రాజెక్టే ఉండదు.

సంచిలో 10 మి.లీ. ద్రావణం, బీకరులో ఒక లీటరు డీఅయొనైజ్డ్ నీళ్లు. సంచిలో మూడో వంతు ఖాళీ వదలాలి. లోపల మిగిలిన చక్కెర, పొటాషియం లవణాలు నీళ్లను లోపలికి లాగుతాయి, సంచి ఉబ్బుతుంది. నిండుగా కట్టిన సంచి రాత్రికి ముడి దగ్గర పిట్లుతుంది. నీళ్లు రెండు గంటలకు, ఆరు గంటలకు, తర్వాత పూటకోసారి మార్చాలి, మొత్తం 48 గంటలు. డెల్టాలో మే నెలలో గది ఉష్ణోగ్రత దగ్గర చక్కెర ద్రావణాన్ని రెండు రోజులు వదిలితే బూజు పడుతుంది, బూజు కూడా వెలుగుతుంది. బీకరును ఫ్రిజ్‌లో మాగ్నెటిక్ స్టిర్రర్ మీద పెట్టండి. స్టిర్రర్ పట్టకపోతే నీళ్లు ఎక్కువసార్లు మార్చండి.

ఎప్పుడు ఆపాలో గడియారం చూసి తేల్చకూడదు. చక్కెరలు వేడికి విడిపోయినప్పుడు హైడ్రాక్సీమిథైల్ ఫర్ఫురాల్ పుడుతుంది. 126 డాల్టన్ల చిన్న అణువు, 284 నానోమీటర్ల దగ్గర గట్టిగా పీల్చుకుంటుంది. బయటి నీళ్లలో ఆ శిఖరం ప్రతి మార్పుకూ పడిపోతూ చివరికి బేస్‌లైన్‌లో కలిసిపోవాలి. అప్పటిదాకా డయాలిసిస్ అయినట్టు కాదు. ప్రతి మార్పు నీళ్లనూ పారబోయకుండా ఒక సీసాలో కొంత ఉంచుకుని, యూవీ దీపం కింద వరుసగా పెట్టి చూడండి. ఈ కేసులో అసలు విషయం బయటపడింది ఆ సీసాల వరుసలోనే. మొదటి సీసా నీలంగా మండిపోతోంది, సంచిలోది దానికంటే మసక, పైగా కాస్త పచ్చటి ఛాయ.

ఇది అరటిపండుకే పరిమితమైన సమస్య కాదు. సిట్రిక్ ఆమ్లం, ఇథిలిన్ డైఅమైన్‌తో చేసి 80 శాతం దాకా క్వాంటం యీల్డ్ (పీల్చుకున్న ఫోటాన్లలో వెలుగుగా తిరిగొచ్చే పాలు) చూపించిన పద్ధతి 2013లో వచ్చింది. ఆ వెలుగులో పెద్ద పాలు ఐపీసీఏ అనే చిన్న అణువుదని 2015లో తేలింది. సిట్రిక్ ఆమ్లం, యూరియా కలిపితే సిట్రాజినిక్ ఆమ్లం పుడుతుంది, అదీ నీలంగానే వెలుగుతుంది. చక్కెర, అమ్మోనియా కలిసి వేడెక్కితే మెయిలార్డ్ చర్యలో మెలనాయిడిన్లు అనే గోధుమరంగు పదార్థాలు వస్తాయి. ఇవి పెద్ద అణువులు కావడంతో కొన్ని సంచి దాటవు కూడా. కాబట్టి సంచిలో మిగిలిందంతా కార్బన్ డాట్సే అని కూడా రాయకూడదు. "1,000 డాల్టన్ పొర దాటకుండా సంచిలో మిగిలిన భాగం" అని రాస్తే అది నిజం.

కొలతల్లో మోసపోయే చోట్లు

పల్చటి ద్రావణానికి 350 నానోమీటర్ల కాంతి వేస్తే 397 దగ్గర ఒక చిన్న పదునైన శిఖరం వస్తుంది. అది నీళ్ల రామన్ శిఖరం, నీటి అణువులు కాంతిని చెదరగొట్టినప్పుడు వచ్చేది. 360 వేస్తే 410కి, 400 వేస్తే 463కి జరుగుతుంది. సంచిలోని మసక ద్రావణంతో ఇది కణాల వెలుగులో కలిసిపోయి, "ఉత్తేజ కాంతి మారితే వెలుగు రంగు మారుతోంది, ఇది కార్బన్ డాట్స్ లక్షణం" అని రాయించేస్తుంది. ఉత్త నీళ్ల స్పెక్ట్రమ్ అదే స్లిట్‌తో తీసి తీసివేశాక మిగిలే జరుగుదల మాత్రమే లెక్క.

క్వాంటం యీల్డ్‌కు క్వినైన్ సల్ఫేట్ ప్రమాణం, 0.1 మోలార్ సల్ఫ్యూరిక్ ఆమ్లంలో 0.54. హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో కరిగించకండి, క్లోరైడ్ క్వినైన్ వెలుగును చంపుతుంది. శోషణ 0.1 దాటకుండా ఐదు పల్చని ద్రావణాలు చేసి, శోషణకు ఎదురుగా మొత్తం వెలుగు వైశాల్యం గీసి, రెండు గీతల వాలు పోల్చాలి. ఒకే బిందువుతో లెక్క కడితే 0.02 శోషణ దగ్గర 0.005 బేస్‌లైన్ తేడా వచ్చినా పావు వంతు తప్పు పడుతుంది. శుద్ధికి ముందు విలువ, తర్వాతి విలువ రెండూ పక్కపక్కన రాయండి. ముందుదొక్కటే రాయడం మోసమే అవుతుంది.

టీఈఎమ్‌కు (ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు) నమూనా బయటికి పంపాలి, డబ్బు పోతుంది కాబట్టి ముందే జాగ్రత్త పడాలి. అరటిపండులో పొటాషియం ఎక్కువ. డయాలిసిస్ సరిగా జరగకపోతే గ్రిడ్ మీద ద్రావణం ఆరినప్పుడు పొటాషియం క్లోరైడ్ స్ఫటికాలు ఏర్పడతాయి, చూడముచ్చటగా పరమాణు వరుసల గీతలు కనిపిస్తాయి. వాటి గీతల దూరం 0.315 నానోమీటర్లు. గ్రాఫైట్ పొరల దూరం 0.34. రెండో గీతల జత 0.222, గ్రాఫైట్‌ది 0.21. స్కేల్ బార్ కాస్త అటూఇటూ అయితే ఉప్పు గ్రాఫీన్ అయిపోతుంది. పది గీతలను కలిపి కొలిచి పదితో భాగించాలి, ఒక్క ఖాళీని కొలవకూడదు. పండ్ల నుంచి వచ్చే కణాల్లో చాలావరకు గీతలు లేని అస్ఫటిక కార్బనే ఉంటుంది. గీతలు లేకపోతే దిగులు పడాల్సిన పని లేదు. డీఎల్ఎస్ (చెదిరిన కాంతితో కణాల పరిమాణం లెక్కించే పద్ధతి) ఫలితాన్ని మాత్రం పరిమాణానికి ఆధారంగా తీసుకోవద్దు. కాంతి చెదరడం వ్యాసం ఆరో ఘాతంతో పెరుగుతుంది. 100 నానోమీటర్ల ఒక్క దుమ్ము కణం 3 నానోమీటర్ల కణాలు వంద కోట్లకు పైగా ఇచ్చేంత సంకేతం ఇస్తుంది.

ఇనుము కొలత

ఫెర్రిక్ అయాన్లు కార్బన్ డాట్స్ వెలుగును తగ్గిస్తాయి, అది నిజమే. తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500లో ఇనుము హద్దు 2012లో లీటరుకు 0.3 మిల్లీగ్రాములు, తర్వాతి సవరణలో 1.0. ఆ స్థాయి దగ్గర నమ్మకంగా కొలవగలమా అన్నదే ప్రశ్న.

బోరులోంచి వచ్చేటప్పుడు ఇనుము ఎక్కువగా ఫెర్రస్ రూపంలో, రంగు లేకుండా ఉంటుంది. బిందెలో పట్టి పెడితే గాలి తగిలి ఎర్రటి మడ్డిగా అడుగుకు చేరుతుంది. నమూనా పట్టిన చోటే నైట్రిక్ ఆమ్లం వేసి పీహెచ్ 2 లోపుకు తేకపోతే, సీసా ల్యాబ్‌కు చేరేసరికి ఇనుము సీసా గోడకు అంటుకుని ఉంటుంది. ఆమ్లం వేశాక నేరుగా కార్బన్ డాట్స్‌లో కలిపితే, వెలుగు తగ్గింది ఇనుము వల్లా ఆమ్లం వల్లా అన్నది తెలియదు, కార్బాక్సిల్ గుంపులు ఆమ్లంలో ప్రవర్తన మార్చుకుంటాయి. తటస్థం చేస్తే ఇనుము హైడ్రాక్సైడ్‌గా దిగిపోతుంది. పీహెచ్ 3.5 దగ్గర బఫర్‌లో, ఇనుము లేని అదే బఫర్ పోలికతో చేయడమే దారి.

ఇంకొక చిక్కు, ఫెర్రిక్ ద్రావణం 400 నానోమీటర్ల లోపు కాంతిని తానే పీల్చుకుంటుంది. ఉత్తేజ తరంగం దగ్గర శోషణ 0.3, వెలుగు తరంగం దగ్గర 0.05 ఉంటే, రెండింటి సగటును పదికి ఘాతంగా వేసిన దిద్దుబాటు గుణకం 1.5 వస్తుంది. అంటే కణాలకు ఏమీ కాకుండానే వెలుగు మూడో వంతు పడిపోయినట్టు కనిపిస్తుంది. ఈ దిద్దుబాటు లేని క్వెంచింగ్ (వెలుగు తగ్గుదల) గ్రాఫు ఇనుము రంగును కొలిచిన గ్రాఫే. దానికి కార్బన్ డాట్స్ అక్కర్లేదు. రాగి, పాదరసం కూడా వెలుగును తగ్గిస్తాయి. కాలవ పక్క బావుల్లో హ్యూమిక్ పదార్థం (కుళ్లిన ఆకులు, మట్టి నుంచి వచ్చేది) ఉంటే అది నీలంగా వెలిగి ఇనుమును దాచేస్తుంది.

విద్యార్థులకు ఇచ్చిన సలహా సూటిగా ఇదే: బోరు నీళ్లలో ఇనుము తెలియాలంటే ఫినాంత్రోలిన్ పద్ధతి వాడండి. హైడ్రాక్సిలమైన్‌తో ఇనుమునంతా ఫెర్రస్‌గా మార్చి, అసిటేట్ బఫర్, ఫినాంత్రోలిన్ కలిపి, నారింజ ఎరుపు రంగును 510 నానోమీటర్ల దగ్గర చదవండి. మామూలు కలరీమీటర్ చాలు. కార్బన్ డాట్స్ పద్ధతిని దాని పక్కన పెట్టి, అవే నమూనాలకు రెండు విలువలూ ఇవ్వండి. రిపోర్టు చివరకు అలాగే తయారైంది. శీర్షికలో సెన్సర్ అన్న మాట తీసేసి, శుద్ధి చేసిన భాగం, బయటికి పోయిన భాగం వేర్వేరుగా ఎలా వెలుగుతున్నాయన్నదే ముఖ్యాంశంగా పెట్టారు.

శుద్ధి చేసిన ద్రావణం గాఢత కోసం 10 మి.లీ.ని ముందే తూచిన గాజు పళ్లెంలో ఆరబెట్టి తూచండి, ఆ పొడిని మళ్లీ వాడకండి. ఓవెన్‌లో 60 డిగ్రీల దగ్గర ఆరిన కణాలు ఒకదానికొకటి అతుక్కుని పూర్తిగా కరగవు. పొడి కావాలంటే ఫ్రీజ్ డ్రయ్యరే గతి. అది లేకపోతే ద్రావణంగానే ముదురు రంగు సీసాలో, 4 డిగ్రీల దగ్గర ఉంచి, వాడే ముందు ప్రతిసారీ 284 దగ్గర శోషణ, 360 ఉత్తేజంతో వెలుగు రెండూ సరిచూసుకోండి. అడుగున మడ్డి కనిపిస్తే మళ్లీ 0.22 ఫిల్టర్ వేయండి. ఆ తర్వాత శోషణ తగ్గితే గాఢత మళ్లీ కొలవాలి.